వీర్రాజుగారి పరీక్ష నేను తప్పిన వైనం

తన పరీక్ష తాను తప్పినవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు, మా ఇంట్లోనూ ఉన్నారు. పక్కవాళ్ళ పరీక్ష, అదీ వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని మరీ తప్పిన ఘనుడు మాత్రం నేనొక్కణ్ణే. నిలువునా పరువు పోయిన ఆ కథ చెబుతాను, నిదానంగా నవ్వుకోండి.

రెండువేల నాలుగో, ఐదో. కాకినాడలో ఒక ఎరువుల ఫ్యాక్టరీ ట్రైనింగ్ సెక్షన్లో కొత్తగా చేరాను. ఇరవై నాలుగేళ్ళ వయసు, మెడలో గుర్తింపు కార్డు, బుర్ర నిండా గాలి. అప్పుడే హెడ్డాఫీసు వాళ్ళు శిక్షణంతా ఆన్‌లైన్లోనే జరగాలన్నారు. పనివాళ్ళు కంప్యూటర్లో భద్రతా పాఠాలు చూడాలి, ఆఖర్న పరీక్ష రాయాలి. ఎవరు ఏ రోజు ఏ కంప్యూటర్ ముందు కూర్చోవాలో పట్టిక వేయడం, కూర్చున్నవాళ్ళకి సాయం చేయడం నా ఉద్యోగం. మరి ఆ పాఠాలు నువ్వు చూశావా అంటారా? పెళ్ళిపందిరి వేసేవాడు మంత్రాలు నేర్చుకుంటాడా అండి! నేనూ అంతే.

అమ్మోనియా ప్లాంటులో వీర్రాజుగారని సీనియర్ ఆపరేటర్ ఉండేవారు. తాళ్ళరేవు నుంచి బస్సులో వచ్చేవారు. పైపు మీద చెయ్యి వేసి లోపల ఏం జరుగుతోందో చెప్పగల మనిషి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి పోస్టు ఆయనకే రావాలి. కానీ పరీక్షలో డెబ్భై మార్కులొస్తేనే ఇస్తామన్నారు. తప్పితే మళ్ళీ ఏడాది దాకా అవకాశం లేదు. ఆయన రిటైర్మెంటు పది నెలల్లో ఉంది.

పరీక్ష రోజు వీర్రాజుగారు చెప్పులు గది బయట విడిచి, తెరకి దణ్ణం పెట్టుకుని కూర్చున్నారు. మౌస్ పట్టుకున్నారో లేదో బాణం గుర్తు కొరమీనులా జారిపోయింది. ప్రశ్నలు చూస్తే అన్నీ ఇంగ్లీషులో.

"ఇది నాకు లొంగట్లేదండి బాబూ. మీరు తెలుగులో చదివి పెడితే జవాబులు నే చెప్తానండి."

"ఉన్నదే ఇరవై నిమిషాలండి. చదువుతూ నేనే నొక్కేస్తాను, మీరు వింటూ కూర్చోండి. తేలిక ప్రశ్నలే!"

"ఆయ్, మీ దయండి."

మొదటి ప్రశ్న: అమ్మోనియా లీకైతే ముందుగా ఏం చేయాలి? "పరుగెత్తుకెళ్ళి వాల్వు కట్టేయాలి" అని పైకి చదివి, టకీమని నొక్కాను. వీర్రాజుగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

"ఏంటండి?"

"ఏం లేదండి. పెద్ద చదువులు చదివినోరు, మీకు తెలీదాండి."

తరవాతది: అమ్మోనియా కళ్ళలో పడితే? "వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి" అని నొక్కాను. ఈసారి ఆయన గట్టిగా దగ్గారు.

"మంచినీళ్ళు కావాలాండి?"

"నాక్కాదండి," అన్నారు వీర్రాజుగారు దీనంగా.

ఆ నీళ్ళు ముందు కళ్ళకి కొట్టాలని అప్పుడైనా నా బుర్రకి వెలగలేదు. గదిలో ఇంకో పదిమంది ఉన్నారు. ట్రైనింగ్ సారు తప్పు చేస్తున్నారని వాళ్ళ ముందు అనడం కంటే ప్రమోషన్ పోగొట్టుకోవడమే మర్యాద అనుకునే మనిషాయన. మా గోదావరి మర్యాదలు అలాగే చంపుతాయి.

ఇరవయ్యో ప్రశ్న అయ్యేసరికి తెర మీద ఎర్రటి అంకె వచ్చింది.

"ఎన్నొచ్చాయండి?"

"ముప్పై ఐదండి."

"డెబ్భైకాండి?"

"వందకండి."

"వచ్చేస్తుందని మా ఆవిడకి చెప్పేశానండి... సర్లెండి, మన చేతిలో ఏముంది," అని ఆయన లేచి వెళ్ళి చెప్పులు వేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు మేనేజరుగారు ఇద్దర్నీ పిలిచారు. "ప్లాంటంతా మీకు కంఠతా కదా వీర్రాజుగారూ, ఈ ముప్పై ఐదేంటండి?"

"చెయ్యి జారిందండి."

"జారితే ఒకసారి జారుతుంది. పదమూడుసార్లా?"

"మౌసు మరీ నున్నగా ఉందండి."

ఇక నా వల్ల కాలేదు. "ఆయన కాదు సార్, నొక్కింది నేను," అనేశాను.

మేనేజరుగారు కళ్ళజోడు తీశారు. "అంటే ఈ ముప్పై ఐదు నీవా?"

"నావే సార్."

"మీరు చెప్పలేదాండి వీర్రాజుగారూ?"

"దగ్గానండి."

మేనేజరుగారు అక్కడికక్కడే హెడ్డాఫీసుకి ఫోన్ చేసి, నేరం నా చేతే ఒప్పించి, ఆయనకి మళ్ళీ పరీక్ష ఇప్పించారు. ఈసారి నేను చదవడం, ఆయన చెప్పడం, మేనేజరుగారు నా వెనకే కాపలా. మొదటి ప్రశ్నకే వీర్రాజుగారు, "ముందు గాలి ఎటు కొడుతోందో చూసుకుని, గాలి వచ్చే వైపుకి తప్పుకోవాలండి. ఊరికే వాల్వు కోసం పరుగెత్తినోడు వాల్వు దాకా వెళ్ళడండి," అన్నారు. తొంభై ఐదు వచ్చాయి. ఆ పోయిన ఐదు మార్కుల ప్రశ్నలోనే తప్పుందని తరవాత హెడ్డాఫీసు ఒప్పుకుంది.

వారం తిరక్కుండా ఆయన షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయ్యారు. అభినందిద్దామని స్వీట్లు పట్టుకుని వెళితే ప్లాంటు గేటు దగ్గర కొత్త నోటీసు అంటించి ఉంది: భద్రతా శిక్షణ పూర్తికాని వారిని లోపలికి రానివ్వరాదు. కింద వీర్రాజుగారి సంతకం. దాని కింద అలాంటివారి జాబితా. అందులో ఒక్కటే పేరు, నాది.

"ఇదేంటండి వీర్రాజుగారూ!" అన్నాను.

"ఆయ్, మీరు చాలా మంచోరండి," అన్నారాయన, స్వీట్ల డబ్బా గేటు మీంచి అందుకుంటూ. "గ్యాసుకి ఆ సంగతి తెలీదు కదండి."

ఆ గేటు ముందే నిలబడి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఇంకొకరి పరీక్ష రాయను గాక రాయను. మాట తప్పలేదు. నా భద్రతా పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పాను.