మూడుసార్లు తట్టిన తలుపు

మా అమ్మమ్మ తలుచుకుంటే ఉరిమే మబ్బును చెవి పట్టుకుని కిందికి దించి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గుండీలు ఏరించగలదు. అబద్ధమైతే నా జడ కత్తిరించండి. తొమ్మిదితో బడికి నీళ్ళొదిలినదాన్ని, నాకు లెక్కలు రావు. అయినా అమ్మమ్మ ఊరుకోబెట్టిన పిల్లల్ని లెక్కపెట్టమంటే లెక్కల మాస్టారికే చెమటలు పడతాయి.

అమ్మమ్మ పసిపిల్లల బడిలో ఆయా. ముప్ఫై ఏళ్ళుగా ముక్కులు తుడిచింది, చెప్పులు జతచేసింది. అసలు విద్య మాత్రం సెలవులకు ముందురోజు జరిగే వేడుకలో బయటపడేది. పాటలు, బెలూన్లు, మిఠాయిలు. గంట గడిచేసరికి పిల్లలకు పట్టపగ్గాలుండవు. ఒకడు పరిగెత్తి గోడకు గుద్దుకుంటాడు. ఒకతి నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి జారుతుంది. వాళ్ళకంటే గట్టిగా అరుస్తారు టీచర్లు, "అరవకండి!" అని.

అమ్మమ్మ అరవదు. పిల్ల గొంతు పెంచేకొద్దీ తను తగ్గిస్తుంది. ఆమె ఏమంటోందో వినాలంటే పిల్ల నోరు మూసుకోక తప్పదు. అప్పుడు వేలు పట్టుకుని మెట్ల కింద సామాన్ల గదికి తీసుకెళ్తుంది. అక్కడ ఒక చాప, ఒక రేకు డబ్బా. డబ్బా నిండా ఇప్పుడు నేను పనిచేసే టైలర్ షాపులో మిగిలిన గుండీలు. "రెండు కన్నాలవి ఇటు, నాలుగు కన్నాలవి అటు" అంటుంది. అంతే. "ఏడుపు ఆపు" అన్న మాట ఆ గదిలో వినపడదు. పదో గుండీకి వెక్కిళ్ళు తగ్గుతాయి. ఇరవయ్యో గుండీకి పిల్ల అమ్మమ్మకే తప్పులు దిద్దుతుంది.

ఆ గదికి ఒకటే చట్టం. ఎవరొచ్చినా తలుపు మెల్లగా మూడుసార్లు తట్టాలి. లోపల ఉన్న పిల్ల ఉలిక్కిపడకూడదు. గది ఖాళీగా ఉన్నా, తాళం వేసి ఉన్నా అమ్మమ్మ తట్టేది.

"లోపలెవరున్నారే? గుండీలు స్నానం చేస్తున్నాయా?" అని ఏడిపించేదాన్ని.

"ఖాళీగా ఉందని ఒకరోజు మానేస్తే, పిల్ల ఉన్నరోజు మర్చిపోతానే తోకా." నన్ను తోక అనే పిలుస్తుంది, చిన్నప్పట్నుంచి తన వెనకే తిరిగానని.

ఇప్పటి పెద్ద టీచర్ కూడా ఆ గదిలో తేరుకున్న పిల్లే. నాలుగేళ్ళప్పుడు బెలూన్ పేలితే బల్లకింద దూరిందట. ఆమె పెద్ద టీచరై వచ్చినరోజు అమ్మమ్మ వీధంతా చెప్పుకుంది, "నా గుండీల పిల్ల!" అని.

పోయినేడు కొత్తగా ఒక పాప చేరింది. పిచ్చుకంత ఉంటుంది, అందుకే పిచ్చుక. గంట కొడితేనే చెవులు మూసుకునేది. వేడుకకు రానని వారం రోజులు ఇంట్లో మొండికేసింది. అమ్మమ్మ ఆ పాప గడ్డం పట్టుకుని చెప్పింది, "చప్పుడెక్కువైతే నా దగ్గరికొచ్చెయ్. గదిలోకెళ్దాం. అక్కడ చప్పుడుండదు. మాటిస్తున్నా." పిచ్చుక ఆ మాట నమ్మి వచ్చింది.

ఆ ఉదయం పెద్ద టీచర్ ఎలుగుబంటి వేషం కట్టినవాణ్ణీ, డ్రమ్ము వాయించేవాణ్ణీ అదే గదిలో దాచింది. లోపల్నుంచి తాళం వేసుకోమంది. "నేనొచ్చి తలుపు తడతాను, వినగానే వాయించుకుంటూ బయటికి దూకండి" అని వాళ్ళకు చెప్పింది. అమ్మమ్మకు ముక్క చెప్పలేదు. ఆ గది రెండో తాళంచెవి పెద్ద టీచర్ చేతికెలా వచ్చిందో తర్వాత చెబుతాను. తొందరేముంది?

మూడో పాటకే పిచ్చుక చెవులు మూసుకుని వచ్చేసింది. అమ్మమ్మ వేలందించింది. గది ముందు నిలబడి, ఎప్పట్లాగే, మెల్లగా మూడుసార్లు తట్టింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. మొహమ్మీద డ్రమ్ము. నెత్తిమీద ఎలుగుబంటి. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చుక కేక కూడా వెయ్యలేదు. అమ్మమ్మ వేలు వదిలేసి, "ఇక్కడ చప్పుడుండదన్నావుగా" అని గోడ వారగా జరిగింది.

పెద్ద టీచర్ నవ్వుతూ వచ్చింది. "చిన్న సరదా కదా ఆయమ్మా! ఏడుస్తారు, రెండు నిమిషాల్లో మర్చిపోతారు."

"మీరు మర్చిపోయారుగా టీచరుగారూ" అంది అమ్మమ్మ. అంతకుముందు ఆమెను ఎప్పుడూ "చిట్టీ" అనేది.

సెలవులయ్యాక పిచ్చుక బడికైతే వచ్చింది. అమ్మమ్మ వేలు మాత్రం మళ్ళీ పట్టుకోలేదు. చప్పుడైతే గేటు ఊచ పట్టుకుని నిలబడుతుంది. గుండీల డబ్బా అమ్మమ్మ ఇంటికి తెచ్చేసి మంచం కిందికి తోసింది.

ఇక తాళంచెవి. మా ఇంట్లో మేకుకు వేలాడేది. వేడుక ముందురోజు పెద్ద టీచర్ మా షాపుకొచ్చి, "ఆయమ్మనడిగితే ఒప్పుకోదు, నువ్వు తెచ్చిపెట్టు, ఎలుగుబంటిని దగ్గర్నుంచి చూద్దువుగాని" అంది. తెచ్చిపెట్టాను. తలుపు తట్టడమే గుర్తు అని ఆమె వాళ్ళకు చెబుతుంటే పక్కనే ఉన్నాను. అమ్మమ్మ అలవాటు నాకంటే ఎవరికి తెలుసు? అయినా నోరు మెదపలేదు. ఎలుగుబంటిని చూస్తున్నాను.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. మబ్బు దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తాళంచెవి దగ్గర ఆశ్చర్యపోతుందనుకున్నాను. అదీ లేదు.

"మేకుకి తిరగేసి తగిలించావు, ఆ సాయంత్రమే తెలిసింది" అంది. "నాకెందుకే చదివి పెడతావు? వెళ్ళి ఆ పిచ్చుకకి చెప్పు, తాళంచెవిచ్చింది నువ్వని."