వన్‌వే బావ

ట్రాక్టరును ముందుకు నడపడం ఎవరికైనా వస్తుంది. క్లచ్ వదిలితే అదే పోతుంది. డ్రైవరెవరో, ఊరికే స్టీరింగు పట్టుకుని కూర్చున్నవాడెవరో తేలేది ట్రాలీ తగిలించి రివర్సు గేరు వేసినప్పుడే. స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది, ఎడమకు తిప్పితే కుడికి పోతుంది. నాలుగు చక్రాల ట్రాలీ అయితే మరీ దారుణం, దాని ముందు చక్రాలు ఎవరి మాటా వినవు. నిన్నగాక మొన్న మీసాలు మొలిచినవాళ్లు కూడా నాలుగు తిట్లు తిని నేర్చుకునే ఈ విద్య మన డ్రైవరుకు తల నెరిసినా అబ్బలేదు.

మిగతావన్నీ వచ్చు. ఇంజను దగ్గితే చాలు, దానికొచ్చిన రోగమేమిటో చెప్పేవాడు. గీత గీసినట్టు దున్నేవాడు. ఒట్టి ట్రాక్టరును ఎటు కావాలంటే అటు తిప్పేవాడు. వెనకాల ట్రాలీ తగిలించి వెనక్కి రమ్మంటే మాత్రం కాళ్లూ చేతులూ ఆడేవి కావు. నేర్పిన పెద్ద డ్రైవరు మొదటి రోజే ట్రాలీని బురదగుంటలోంచి పైకి లాగించి, మెడ మీద ఒక్కటిచ్చి, "నీకు చెప్పే బదులు ఆ గోడకు చెప్పుకుంటే కాస్త పుణ్యమన్నా వచ్చేదిరా" అన్నాడు. తర్వాత యజమాని పాక స్తంభం విరిగింది. బోల్టు ఊడిందన్నాడు. ఆ తర్వాత యజమాని వియ్యంకుడి కొత్త కారు తలుపు లోపలికి సొట్టపోయింది. ఆ నేరాన్ని పక్కనే నెమరు వేస్తూ నిలబడ్డ గేదె మీదకు తోసేశాడు. గేదె ఎలాగూ కాదనదు.

ఆ రోజుతో అతను వెనక్కి వెళ్లడం మానేశాడు. అంటే బతుకునే అలా అమర్చుకున్నాడు. ఏ కళ్లంలోకి వెళ్లినా చుట్టూ తిరిగి బయటపడే దారి ముందే చూసుకునేవాడు. దారి లేకపోతే అందరికంటే ముందు వెళ్లి, అందరికంటే ఆఖరున కదిలేవాడు. ఇరుకు సందు ఎదురైతే ట్రాలీ ఊడదీసి, నలుగురిని పోగేసి చేతులతో నెట్టించేవాడు. "బండిని అంత సుతారంగా చూసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు" అని యజమాని అందరికీ చెప్పేవాడు. మరి ఆ మంచిపేరు ఊరికే వచ్చిందా! కంటికి కునుకు లేకుండా కాపాడుకుంటూ వచ్చాడు.

అతనికి ఉన్నది ఆ పేరొక్కటే. పొలం లేదు, చదువు లేదు, నలుగురిలో నోరు లేదు. "డ్రైవర్ గారూ" అని ఎవరైనా పిలిస్తే మాత్రం మనిషి జానెడు పొడవు పెరిగేవాడు. పైగా ఆ ఏడాది యజమాని కొత్త ట్రాక్టరుకు ఆర్డరిచ్చాడు. అది తన చేతికే వస్తుందని డ్రైవరు ఆశ. పని మీద వెళ్లినప్పుడల్లా షోరూము అద్దం దగ్గర ఆగి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా లోపలికి చూసి వచ్చేవాడు.

అతని కర్మ కొద్దీ, మొక్కజొన్న తోలేది దాణా ఫ్యాక్టరీకి. ఆ ఫ్యాక్టరీలో కాటా దగ్గర ఉండేది సాక్షాత్తూ బావమరిది, భార్య తమ్ముడు. కాటా పక్కన అద్దాల గది, గదిలో కంప్యూటరు, బండ్లను పిలవడానికి ఒక మైకు. నోటి దూల ఉన్నవాడి చేతికి మైకు ఇవ్వకూడదు. ఇచ్చారు. "బావగారు వేంచేస్తున్నారు, దారిలో ఉన్న కుక్కలూ పిల్లులూ దయచేసి తప్పుకోండి" అని వాడు రోజూ యార్డంతా మోగించేవాడు. బావని బావమరిది ఆటపట్టించడం ఎక్కడైనా ఉన్నదే కాబట్టి డ్రైవరు కూడా ఇష్టం లేని నవ్వొకటి నవ్వి ఊరుకునేవాడు. అదే యార్డులో ఒలికిన గింజలు ఊడ్చి ఎత్తే పని భార్యది. తమ్ముడి మాటలకు ఆమె చీపురు ఆపి మరీ నవ్వేది.

కాటాకు ఇటు ఎక్కి అటు దిగిపోవడమే ఇన్నాళ్లూ పద్ధతి. ఒకరోజు డ్రైవరు లోడుతో వచ్చేసరికి అవతలి గేటు దగ్గర కాలువ తవ్వుతున్నారు. దారి మూసేశారు. కాటా ఎక్కిన ప్రతి బండీ తూకం అయ్యాక రివర్సులో దిగి రావాలట. బండి పక్కకు తీసి, మెడలోని తువ్వాలు ఎడమ మణికట్టుకు చుట్టి, వెనక బండివాడి దగ్గరకు వెళ్లి "చెయ్యి బెణికింది తమ్ముడూ, కాస్త దించిపెట్టవా" అని బతిమాలుకున్నాడు. వాడు పాపమని దించిపెట్టాడు.

గండం గడిచిందనుకున్నాడు. మధ్యాహ్నం రెండో లోడు తెచ్చేటప్పుడు కంగారులో తువ్వాలు కుడిచేతికి చుట్టుకొచ్చాడు!

"హలో హలో! అందరూ వినండి!" మైకు మోగింది. "మా బావకి పొద్దున ఎడమచెయ్యి బెణికింది, ఇప్పుడది కుడిచేతికి పాకింది! ఇంకాస్త ఆగితే కాళ్లకి దిగుతుందండోయ్!"

యార్డు గొల్లుమంది. బస్తాలు మోసేవాళ్లు బస్తాలు దించి మరీ నవ్వారు.

"చెయ్యీ లేదు, గియ్యీ లేదు. బావా, కట్టు తీసి రివర్సు కొట్టు! నిన్నేం అడిగాం? చెల్లినేమన్నా ఇమ్మన్నామా?"

ఇక తప్పలేదు. కాటా ఎక్కాడు, తూకం అయింది, రివర్సు గేరు వేశాడు. వేసిన క్షణంలోనే ట్రాలీ ఎడమకు మొగ్గింది. కంగారుపడి స్టీరింగు తిప్పాడు, ఇంకా మొగ్గింది. మళ్లీ తిప్పేసరికి ట్రాలీ మడతపడి, కాటా దిగువనున్న నీళ్ల డ్రమ్మును బోర్లా పడేసి, ఎవరిదో సైకిలును చుట్టచుట్టి ఆగింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఇటు వరసలో బండ్లన్నీ హారన్లు. "మా బావ వన్‌వే అండీ! వన్‌వే! వెనక్కి రావడం ఆయన ఒంట్లోనే లేదు!" అని మైకు. డ్రైవరు తలెత్తి ముందుగా చూసింది భార్యనే. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతోంది.

మిగతావాళ్ల నవ్వు ఒళ్లు మండించింది. ఈమె నవ్వు మాత్రం లోపలికి దిగింది. అది ఇక బయటికి రాలేదు.

సాయంత్రానికల్లా అతని పేరు "వన్‌వే" అయింది. చిల్లర కొట్టువాడు కూడా "ఏం వన్‌వే, ఏం కావాలి?" అన్నాడు. రెండు మూడు రోజులకు యజమాని పిలిచి, మొహం చూడకుండా, "కొత్త బండికి వేరే కుర్రాణ్ని చూస్తున్నానయ్యా. నువ్వు మందు కొట్టే పని చూసుకో" అన్నాడు. పంపు వీపున వేసుకుని పురుగుల మందు కొట్టడం! ఇన్నేళ్ల డ్రైవరు తలవంచుకుని ఇంటికొచ్చాడు.

"వాడేదో సరదాకి అన్నాడయ్యా" అంది భార్య. "దానికి మూతి అంత ముడుచుకోవాలా?"

"నీ తమ్ముడి సరదాకి నా సీటు పోయింది."

"వాడి మనసులో అలాంటిదేమీ లేదు. నువ్వంటే ప్రాణం వాడికి."

ప్రాణమట! కొత్త కుర్రాడు దొరికేదాకా పాత బండి తోలాలి కాబట్టి మర్నాడు మళ్లీ లోడుతో వెళ్లాడు. నిజంగానే ఆ రోజు బావమరిది కాస్త మెత్తబడ్డాడు. సీటు సంగతి అక్క చెప్పినట్టుంది. తూకం అయ్యాక మైకు జోలికి పోకుండా, గది తలుపు తీసి దిగి వచ్చి నెమ్మదిగా అన్నాడు:

"నాకిలా అవుతుందని తెలీదు బావా. ఒట్టు. నువ్వు దిగు, బండి నేను దించిపెడతా. కాలువ పని అయ్యేదాకా రోజూ నేనే దించిపెడతా. మీ యజమానికి కూడా నేనే చెప్పుకుంటాలే."

మనిషిలో మంచి అనేది ఎప్పుడు తలెత్తుతుందో చూడండి, అంతా పాడయ్యాక! డ్రైవరు దిగాడు. బావమరిది ఎక్కి కూర్చుని, మొక్కజొన్న ఎత్తుగా పోసి ఉండడంతో వెనక ఏమీ కనబడక, "బావా, వెనక నిలబడి కాస్త చెప్పు" అని కేకేశాడు.

డ్రైవరు వెళ్లి ట్రాలీ వెనక నిలబడ్డాడు.

"రానీ" అన్నాడు.

ట్రాలీ తిన్నగానే కదిలింది. వాడికి చెయ్యి తిరిగిన పనే. సగం దూరం వచ్చాక కొద్దిగా, చాలా కొద్దిగా, అద్దాల గది వైపు మొగ్గింది. "ఆపు, కాస్త ఎడమకు కొట్టు" అంటే సరిపోయేది. డ్రైవరుకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గదిలో ఎవరూ లేరని చూసుకున్నాడు.

"రానీ" అన్నాడు. "రానీ... రానీ..."

కొంచెం దూరంలో భార్య చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"రానీ!"

ట్రాలీ మూల గోడలోకి దిగింది. అద్దాలు పగిలాయి, రేకు కప్పు ఒక పక్కకు ఒరిగింది, కంప్యూటరు, తూకం చూపించే పెట్టె, మైకు అన్నీ కిందకొచ్చాయి. ఆ వెంటనే, నిన్నటిదాకా డ్రైవరును చూసి నవ్విన నోళ్లే, అంతకు రెట్టింపు నవ్వాయి. "ఇప్పుడు పట్టు మైకు!" అని ఎవడో అరిచాడు. జనానికి కావలసింది నవ్వు, ఎవరి మీదైతేనేం?

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. డ్యూటీలో ఉండి సీటు వదలడం ఒక తప్పు, బయటి బండి ఎక్కడం ఇంకో తప్పు, కాటా గదినే కూల్చేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. బావమరిది దిగి నిలబడ్డాడు. అదురుకు స్టీరింగు తగిలి నుదుటి మీద చిన్న గాటు, రక్తం కనుబొమ మీదకు కారుతోంది.

"వెనక చూసుకోవాలని లేదా?" అని మేనేజరు గద్దించాడు.

"వెనకాల మా బావ ఉన్నాడు కదా అని చూడలేదండీ."

మేనేజరు డ్రైవరు వైపు తిరిగాడు. "నువ్వేం చేస్తున్నావ్ మరి?"

"ఆపు ఆపు అని అరిచానండీ" అన్నాడు డ్రైవరు. గొంతు తడబడలేదు కూడా. "వినిపించుకోలేదు."

బావమరిది అతని మొహంలోకి చూశాడు. వాడు విన్నది ఒక్కటే మాట, అది ఏ మాటో వాడికి తెలుసు. బావ కావాలనే ఆ మాట అన్నాడనీ ఇప్పుడు తెలిసింది. ఆ కళ్లలో కోపం ఉంటుందని డ్రైవరు సిద్ధపడి ఉన్నాడు. కోపం లేదు. చిన్నపిల్లాడు తల్లి చేతి దెబ్బ తిన్నప్పుడు చూసినట్టు చూశాడు.

"అరిచాడండీ" అన్నాడు వాడు నెమ్మదిగా. "ఇంజను మోతలో నాకే వినబడలేదు. బావ తప్పేం లేదు."

అక్కడికక్కడే వాడి ఉద్యోగం ఊడింది.

ఇంటికొచ్చి భార్య కాళ్లకంటిన దుమ్ము కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తర్వాత తుడుచుకోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడి అడిగింది:

"నీకు గోడ కనిపించింది కదా?"

అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నేనా రోజు నవ్వాను. తప్పే. తిట్టు, కొట్టు, నెల్లాళ్లు మాట్లాడకు. వాణ్ని నువ్వు 'రానీ' అని పిలిచావయ్యా. వాడొచ్చాడు."

ఆ మాట తర్వాత ఆమె అతనితో వంట గురించీ నీళ్ల గురించీ తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆ ఇంట్లో నవ్వు వినబడలేదు.

బయట మాత్రం అతనికి అన్నీ కలిసొచ్చాయి. లోకం తీరే అంత. "వన్‌వే" పేరు పాతబడిపోయింది, కాటా గది కూల్చినవాడి కథ కొత్తది. రివర్సు బాగా వచ్చినవాడే గది కూల్చాడు కదా, ఇక ఈ ముసలాణ్ని ఏమనాలి అనుకున్నాడో ఏమో, యజమాని కొత్త ట్రాక్టరు తాళాలు అతని చేతిలోనే పెట్టాడు. కాలువ పూడ్చారు, గేటు తెరిచారు, కాటా ఇటు ఎక్కి అటు దిగడమే. సీటు మీద ప్లాస్టిక్ కాగితం కూడా తీయకుండా డ్రైవరు మొదటి లోడుకు వెళ్లాడు.

మొక్కజొన్న దించాక, తిరుగు లోడుగా యార్డులోని దాణా బస్తాలు ట్రాలీలోకి ఎక్కించాలి. హమాలీల వరసలో ఆఖరివాడు బావమరిది. ఎక్కడా పని దొరక్క, మేనేజరు కాళ్లావేళ్లా పడితే బస్తాలు మోయడానికి రానిచ్చారు. భుజం అలవాటు లేక తోలు లేచింది. నుదుటి మీద గాటు మానింది గానీ మచ్చ ఉంది. డ్రైవరు సీటులో కూర్చుని, వాడి వంక చూడకుండా ఉండాలని చూస్తూనే, చూశాడు. వాడు ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాడు. కొత్త బండి మీద, ప్లాస్టిక్ కాగితం మీద, తన నెరిసిన తల మీద ఏదైనా ఎగతాళి. ఆశ్చర్యం ఏమిటంటే, అంటే బాగుండునని కూడా అనిపించింది.

ఆఖరి బస్తా పడింది. బావమరిది తలకు కట్టుకున్న గుడ్డ విప్పి మొహం తుడుచుకుని, ట్రాక్టరు పక్కకు వచ్చి, అందరితో మాట్లాడినట్టే మర్యాదగా అన్నాడు:

"లోడు అయిపోయిందండీ డ్రైవర్ గారూ. మీరు బయల్దేరొచ్చు."

డ్రైవరు తాళం తిప్పబోయి ఆగాడు. "బావా అనరా" అన్నాడు.

"పనిలో ఉన్నానండీ" అని బావమరిది వెనుదిరిగి, పక్క బండి బస్తాల దగ్గరకు వెళ్లి వంగాడు.