సాలోమోను ఎఫ్-టూ కీ

కంప్యూటర్‌లో సి ప్రోగ్రాం రాయాలంటే లైను చివర పెట్టే సెమికోలనూ, ఫ్లవర్ బ్రాకెట్లూ, ఎంటరూ, తప్పు తుడిచే బ్యాక్‌స్పేసూ లేనిదే పని జరగదు. ఇవన్నీ కీబోర్డుకు కుడివైపే ఉంటాయి. ఆ కీబోర్డు తయారుచేసిన మహానుభావుడు ఆర్మూరు వచ్చి పసుపు డ్రమ్ము చూసి ఉండడు, పాపం! సాలోమోను కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే మిగిలాయి. మధ్యలో మూడూ, పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము బెల్టులో పోయాయి.

ఆ చెయ్యేసుకుని వాడు గంగాదాస్ సార్ కంప్యూటర్ సెంటర్లో చేరితే బజారంతా నవ్వింది. నవ్వనీ! ప్రోగ్రాం టైపు చేసే ఎడిటర్‌తోపాటు, ఏ కీ ఏ పని చెయ్యాలో మనమే మార్చుకునే ఏర్పాటు కూడా ఉంటుందని వాడు పట్టుకున్నాడు. ఇక పొద్దున్నే క్లాసులకు ముందే వచ్చి దానిమీద పడ్డాడు. ఎడమచేతి కింద ఉండే క్యూ నొక్కితే సెమికోలన్ పడి, ఫైలు సేవ్ అయి, కొత్త లైను రావాలి. జడ్ నొక్కితే ఫ్లవర్ బ్రాకెట్లు జంటగా పడాలి. సేవ్ చేసే పని క్యూ చూసుకుంటోంది కనుక అసలు సేవ్ కీ ఎఫ్-టూ ఖాళీ అయింది. దానికి లైను మొత్తం తుడిచేసే పని అప్పజెప్పాడు. కుదిరేదాకా ఎన్నిసార్లు మార్చాడో వాడికే తెలియదు. చివరికి అంతా ఒక ఫ్లాపీలో వేసుకుని జేబులో పెట్టుకు తిరిగేవాడు.

"ఏందిర గిది! నువ్వు లేసినంక గీ మిషన్ మీద కూసుంటే నాకే సి రాకుంట అయితుంది" అని గంగాదాస్ సార్ నెత్తి గోక్కునేవాడు. "లేసేటప్పుడు నీ సెట్టింగు తీసేసి పోరాదుర నాయనా!"

సాలోమోను నవ్వి తీసేసేవాడు.

తొంభై నాలుగులో జక్రాన్‌పల్లి రోడ్డు మీద ఒక విత్తనాల కంపెనీ ఆఫీసు తెరిచి, ఒక్క ప్రోగ్రామర్ కావాలంది. టెస్టు వాళ్ల ఆఫీసులోనే పెట్టింది. బయలుదేరేముందు వాడి తల్లి ఎంకవ్వ గడపలో నిలబడి మొహం పక్కకు తిప్పుకుని చెప్పింది.

"ప్రార్థన చేసిన బిడ్డా. గీ నౌకరి రాకుంటే మాత్రం సోమారం సంది డ్రమ్ముకాడికి పోవాలె. భూమేశ్వర్ పటేలుకు మాటిచ్చిన."

"అమ్మా, గా సప్పుడు ఇంటేనే నాకు చెయ్యి వణుకుతది."

"ఎరికే బిడ్డా. ఏం జెయ్యాలె మరి?"

ఆ డ్రమ్ము తిరిగే చప్పుడు వినకుండా బతకడానికే వాడు ఈ చదువు చదివాడు. ఇంకో కారణం లేదు.

ఆఫీసులో మూడు మిషన్లున్నాయి. పొద్దున ఒక జట్టు, భోజనాల తర్వాత ఇంకో జట్టు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆఫీసరు తలుపు దగ్గరే జేబులు తడిమాడు.

"ఫ్లాపీలు లోపలికి తేకూడదు. వైరస్ వస్తుంది. మిషన్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పేరు కొట్టేస్తాను."

సాలోమోను ఫ్లాపీ తలుపు పక్క బల్లమీద ఉండిపోయింది. వాడు రెండో మిషన్ ముందు కూర్చుని మొదటి లైను టైపు చేశాడు. సెమికోలన్ కోసం కుడిచెయ్యి జాపితే చిటికెనవేలు పక్క కీ మీద పడింది. తుడవబోతే ఇంకో తప్పు పడింది. అటూ ఇటూ ఉన్నవాళ్లు టకటకమని కొట్టుకుంటూ పోతున్నారు. వాడి వీపంతా చెమట. ఇట్లాగైతే గంటలో సగం కూడా కాదు!

ఆఫీసరు కిటికీ దగ్గరకు పోయి సిగరెట్ వెలిగించాడు. సాలోమోను మరి ఆగలేదు. గుర్తున్నంతలో సెట్టింగు మొత్తం మళ్లీ రాసి ఎక్కించేశాడు. క్యూ, జడ్, ఎఫ్-టూ. లేచేముందు తీసేస్తే సరి, ఎవరికి తెలుస్తుంది? ఆ తర్వాత ఎడమచెయ్యి దానంతటది పరుగెత్తింది. ప్రోగ్రాం నడిచి, అడిగిన జవాబు తెరమీదకు వచ్చేసరికి వాడికి ఏడుపొచ్చినంత పనైంది.

"టైం అయింది, లేవండి!" అని ఆఫీసరు అందర్నీ ఒక్కసారే లేపి బయటికి పంపేశాడు. ఆ హడావిడిలో సాలోమోను బల్లమీది ఫ్లాపీ మరిచిపోయాడు.

ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతుంటే రత్నవ్వ బస్సు దిగి వచ్చింది. మెండోర పిల్ల, గంగాదాస్ సార్ దగ్గరే వాడితోపాటు నేర్చుకుంది.

"ఎట్ల జేసినవ్ సాలోమోనన్నా?"

"మంచిగనే జేసిన చెల్లే."

"పిలుపు కాగితంల నాది రెండో మిషనని రాసిండ్రు. మస్తు భయమైతుందే!" అంటూ రోడ్డు దాటి లోపలికి పోయింది.

గ్లాసు ఎత్తబోయిన సాలోమోను ఆగిపోయాడు. రెండో మిషన్! సెట్టింగు తియ్యలేదు!

గంగాదాస్ సార్ శిష్యులందరికీ ఒక అలవాటుంది. ఆర్మూరు కరెంటును నమ్మొద్దని, రెండు లైన్లకోసారి ఎఫ్-టూ కొట్టి సేవ్ చెయ్యాలని ఆయన తిట్టి మరీ నేర్పాడు. రత్నవ్వ కూడా కొడుతుంది. కొట్టినప్పుడల్లా ఒక లైను మాయమవుతుంది. ఎందుకు పోతోందో తెలియక ఆ పిల్ల మళ్లీ రాస్తుంది, మళ్లీ కొడుతుంది.

పోయి చెబితే వాడి నౌకరీ అక్కడికక్కడే పోతుంది. సోమవారం నుంచి మళ్లీ డ్రమ్మే. ఆ పిల్లే చూసుకుంటుందిలే, ఆఫీసర్నే అడుగుతుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. థూ నా బతుకు అని గ్లాసు అక్కడే పెట్టి రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తాడు.

లోపల రత్నవ్వ కళ్లు తుడుచుకుంటోంది. తెరమీద రెండే లైన్లున్నాయి.

"సార్, గా మిషన్ల సెట్టింగు నేనే మార్చిన" అన్నాడు సాలోమోను తలుపులో నుంచే. "ఆ పిల్ల తప్పేం లేదు సార్. ఆమెకు మళ్ల మొదటిసంది టైం ఇయ్యుండ్రి."

ఆఫీసరు మొహం ఎర్రబడింది. "ముట్టుకోవద్దని చెప్పానా లేదా? ఎందుకు మార్చావ్?"

సాలోమోను కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. ఆఫీసరు ఆ చెయ్యి వంక చూశాడు. చూసి, "ముందే చెప్పుకోవాల్సింది. రూలు అందరికీ ఒకటే" అని కాగితం మీద వాడి పేరు కొట్టేశాడు. "తీసెయ్ దాన్ని."

రత్నవ్వ లేచి పక్కకు జరిగింది. "నా పానం దీసినవ్ గదనే! నాకు చదువే రాదేమో అనుకున్న" అంది కోపంగా. వాడు కూర్చుని, తను రాసిన సెట్టింగంతా ఒంటిచేత్తో తుడిచేసి, మిషన్ ఆపి మళ్లీ వేశాడు.

ఆ పిల్ల కూర్చుని రెండు లైన్లు కొట్టింది. వేలు ఎఫ్-టూ మీదకు పోయి ఆగిపోయింది. తల తిప్పి తలుపు దాకా పోయిన సాలోమోనును చూసింది.

"అన్నా, ఒత్తాల్నా?"

"ఒత్తు బిడ్డా. ఏం గాదు."

వాడు కదల్లేదు. రత్నవ్వ కళ్లు మూసుకుని నొక్కింది. రెండు లైన్లూ అట్లాగే ఉన్నాయి. వాడు బల్లమీది ఫ్లాపీ తీసుకుని బయటికి నడిచాడు.

సోమవారం డ్రమ్ము దగ్గరకు పోయాడు. చప్పుడు మొదలవగానే కుడిచేతిని చంకలో దాచుకుని, సాయంత్రందాకా ఎడమచేత్తోనే కొమ్ములు ఎత్తిపోశాడు. పని దిగాక, ఒంటిమీది పసుపు కూడా కడుక్కోకుండా గంగాదాస్ సార్ సెంటర్‌కు పోయి ఫ్లాపీ పెట్టి సెట్టింగు తెరిచాడు. ఎఫ్-టూ సేవ్ పని దానికి తిరిగి ఇచ్చేశాడు. లైను తుడవడానికి ఇంకో కీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.