అక్క కళ్లు తెరిచిన తరువాత

మా అక్క కొత్తపేటలో ఒక సందు మొదట్లో జాకెట్లు కుట్టే చిన్న షాపు నడిపేది. నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చి, రెండేళ్లు తిరక్కుండానే నన్నూ తెచ్చుకుని తన దగ్గరే ఉంచుకుని చదివించింది. నాకన్నా పదకొండేళ్లు పెద్ద. ఈరోజు నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో జీవశాస్త్రం చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆమె పట్టుదల.

ఒక మధ్యాహ్నం గుడ్డ కత్తిరిస్తూ తల పట్టుకుని కూర్చుండిపోయింది. పక్క షాపువాళ్లు ఆటోలో దవాఖానకు తీసుకెళ్లేసరికే మాట పడిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. వెంటనే ఆపరేషన్ చేశారు.

మూడో వారంలో కళ్లు తెరిచింది. బావ స్కూల్ బస్సు నడుపుతాడు, ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. ఆ రోజు మాత్రం వార్డులో కనిపించిన వాళ్లందరికీ మా ఆమె లేచిందని చెప్పుకుంటూ తిరిగాడు. మర్నాడు డాక్టరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. గుంటూరు వైపు మనిషి, పెద్దవారు. మాట మెత్తగా ఉంటుంది గానీ దాపరికం ఉండదు.

"కళ్లు తెరవడం వేరు, స్పృహ రావడం వేరండి. ఆవిడకి నిద్రా మెలకువా వస్తున్నాయి. అంతే. మనం పక్కన ఉన్నట్టు ఆవిడకి తెలుస్తోందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు."

ముందు ముందు రావచ్చునా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు, మాట ఇవ్వలేను అన్నారు.

ఆ వారమే కొత్త బ్యాచ్‌కు మొదటి పాఠం చెప్పాల్సి వచ్చింది. జీవం అంటే ఏమిటన్నదే ఆ పాఠం. చుట్టూ ఉన్నదాన్ని తెలుసుకుని దానికి స్పందించడమే స్పృహ అని బోర్డు మీద రాశాను. పదేళ్లుగా రాస్తున్న వాక్యమే. రెండో వరుసలో ఒక అమ్మాయి లేచి, కోమాలో ఉన్నవాళ్లు స్పందించరు కదా, మరి వాళ్ల సంగతేంటని అడిగింది. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. పరీక్షలో ఏం రాయాలో చెప్పి ముందుకు పోతుంటాను. ఆ రోజు పోలేకపోయాను. నాకు తెలియదమ్మా, తెలుసుకునే పనిలో ఉన్నాను అన్నాను. మా అక్క సంగతి ఆ పిల్లలకు తెలియదు. అయినా ఎవరూ నవ్వలేదు.

నోటితో అనేశాక ఆ పని నిజంగానే మొదలుపెట్టాను.

ఉదయం క్లాసులు పదింటికి అయిపోయేవి. చైతన్యపురిలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ ఎల్బీ నగర్, దవాఖాన అక్కడే. పదకొండింటికి ఇరవై నిమిషాలు లోపలికి వదిలేవారు. అక్క మంచం పక్కన నిలబడి, "అక్కా, పైకి చూడు" అనేదాన్ని. మొదటి రోజే చూసింది. కానీ పిల్లలకు ప్రయోగాలు నేర్పేదాన్ని కదా, ఆశ మనిషికి ఏమేం చూపిస్తుందో నాకు తెలుసు. మర్నాటి నుంచి లోపలికి వెళ్లే ముందు వరండాలో రూపాయి బిళ్ల ఎగరేశాను. బొమ్మ పడితే పైకి చూడమని అడగాలి, బొరుసు పడితే నోరు మూసుకుని నిలబడాలి. ఏం జరిగితే అది నోటుబుక్కులో రాసుకోవాలి.

రెండు వారాల తరువాత లెక్క చూసుకుంటే, నేను అడిగిన రోజుల్లో ఎంతగా పైకి చూసిందో అడగని రోజుల్లోనూ అంతే చూసింది. ఆ పేజీ చింపెయ్యాలనిపించింది. చింపలేదు. కింద తేదీ వేసి సంతకం పెట్టాను.

ఒకరోజు అక్క కంటి కొస నుంచి నీళ్లు కారాయి. ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మ, తనను గుర్తుపట్టిందని గోడు గోడున ఏడ్చింది. కన్ను పొడిబారినా నీళ్లు వస్తాయని నాకు తెలుసు. పెద్దమ్మతో అనలేదు గానీ నోటుబుక్కులో రాశాను. బావ అది చూశాడు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇగ ఆమెను సతాయించకు. రోజు గట్ల పరీక్ష పెడ్తుంటే నాకు చూడబుద్ధి అయితలేదు. అన్నిట్ల పాసై ఏం జెయ్యాలె ఆమె?"

"పాస్ కోసం కాదు బావా. లోపల ఉన్నదని తెలిస్తే ఎట్ల పిలవాల్నో తెలుస్తది. నేనైతే ఆపను."

తరువాత పది రోజులు మేమిద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు.

ఆ నోటుబుక్కును గమనించిన ఇంకో మనిషి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. భీమవరం నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండేది. పేజీలన్నీ తిరగేసి, మీరు అడిగేది ఆవిడకి చాలా పెద్ద పని మేడమ్, ఇంకా చిన్నది అడుగుదాం అంది. ముందు నన్ను మంచం ఒక పక్క నుంచి రెండో పక్కకు మెల్లగా నడవమంది. అక్క కళ్లు నా వెంట రాలేదు. ఆ తరువాత తన బ్యాగులోంచి చేతి అద్దం తీసి అక్క ముఖానికి ఎదురుగా పట్టుకుంది. అద్దాన్ని ఎడమకు జరిపింది. అక్క కళ్లు ఎడమకు జరిగాయి. కుడికి జరిపింది. కుడికి వచ్చాయి.

అద్దం తిప్పి వెనక వైపు చూపించమన్నాను. చూపించింది. కళ్లు కదలలేదు. మళ్లీ ముందు వైపు తిప్పింది. కదిలాయి. పదిసార్లు చేయించాను. తొమ్మిదిసార్లు వచ్చాయి. నలభై రోజులు పిలిచిన నా ముఖం వెంట రాని చూపు అద్దంలోని తన ముఖం వెంట వస్తున్నందుకు నాలో ఎక్కడో చురుక్కుమంది, అబద్ధం చెప్పను. అయినా ఆ రోజు రాసిన పేజీలో అక్షరాలు చాలా పెద్దగా ఉన్నాయి.

డాక్టరు వచ్చి తనే స్వయంగా అద్దం పట్టుకుని చూశారు. "ఉందండి. కొంచెం ఉంది. వస్తూ పోతూ ఉంటుంది. వచ్చినప్పుడల్లా పట్టుకోండి," అన్నారు.

పట్టుకున్నాం. డాక్టరు చెప్పడంతో ఇక ఏ వేళైనా లోపలికి వదిలారు. ఆ సాయంత్రం నుంచి బావ కూడా వచ్చి కూర్చున్నాడు. ఏ వేళలో ఆమె చూపు నిలుస్తోందో రాసి, ఆ వేళకే ఎవరో ఒకరం ఉండేలా డ్యూటీలు మార్చుకున్నాం. మరో నెలకు, బొటనవేలు నొక్కమని బావ అడిగితే నొక్కింది. నేను అడిగితే నొక్కలేదు. బావ ముఖం చూసి నాకేమీ చిన్నతనం అనిపించలేదు. తరువాత మింగడం వచ్చింది, ఇంటికి తీసుకొచ్చాం, ఒక్కో మాటా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు.

ఏడాది దాటాక ఒక ఆదివారం పొద్దున ఇంటి ముందు కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, ఇన్నాళ్లూ దాచుకున్న ప్రశ్న అడిగాను. నేను పిలుస్తుంటే నీకు వినబడేదా అక్కా అని. ఇప్పుడు ఆమె మాటలు వెతుక్కుని మాట్లాడుతుంది.

"ఇనొచ్చేటిది. ఎవరో ఎవల్నో పిలుస్తున్నరు అనుకున్న. పలకాల్సింది నేనే అని తెల్వలే."

"మరి ఎప్పుడు తెలిసింది?"

"ఒక్కసారిగ తెల్వలే, చెల్లె. ఓనాడు నోరు ఎండుకపోయింది. బాగా దూప. గప్పుడు అనిపిచ్చింది, గీ నోరు నాదే అని."

అద్దం గుర్తుందా అన్నాను. ఏ అద్దం అంది.

అన్నాళ్లూ, మూసి ఉన్న ఒక గదిలో మా అక్క అచ్చం మా అక్కలాగే కూర్చుని ఉందనీ, తలుపు తీస్తే చాలనీ అనుకున్నాను. గదిలో ఎవరూ ఎదురుచూడలేదు. వినడం ఒకచోట, చూడడం ఒకచోట, దాహం ఒకచోట చెల్లాచెదురుగా పడి ఉంటే, అవన్నీ నావే అనే మనిషి మెల్లగా పోగైంది. మేము పిలిచింది ఇంకా లేని మనిషిని. అయినా పిలవకపోతే ఆమె ఎవరిగా పోగయ్యేదో నాకు తెలియదు. ఇది పరీక్షలో రాసే జవాబు కాదు.

అక్క ఇప్పుడు రైతుబజారుకు ఒక్కతే వెళ్తుంది. మొదటిసారి వెనకాలే బయలుదేరితే, గేటు దగ్గర ఆగి నన్ను వెనక్కి పొమ్మంది. కూరగాయల పేర్లు ఆమెకు తారుమారవుతాయి, వేలు పెట్టి చూపించి తెచ్చుకుంటుంది. మొన్న బెండకాయలకని వెళ్లి దొండకాయలతో వచ్చింది. సంచి బల్ల మీద పెట్టి, ఎడమచేత్తో ఒక్కొక్కటే తీసి చూసుకుని, నా వైపు తిరిగింది.

"ఇయ్యే తెచ్చిన. ఇయ్యే వండుత."

వండింది.