ఆర్పకూడని బల్బు

మా వాళ్లలో ఎవరింట్లో కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా మా అమ్మ పేరు ఎత్తుతారు. "ఆమె మాదిరి నవలలు చదువుతా కూర్చుంటే బిల్లు రాక ఏమొస్తాది" అంటారు. పెళ్లిళ్లలో అన్నారు, నామకరణాల్లో అన్నారు, ఆఖరికి అమ్మ దినానికి వచ్చి విస్తరి ముందు కూర్చుని కూడా అన్నారు. కథ ఇట్లా నడుస్తుంది: మా ఇంటికి కొత్తగా కరెంటొచ్చింది. అమ్మకు చదువు పిచ్చి. పొద్దుగూకింది మొదలు బల్బు కింద కూర్చుని బిల్లు పెంచేసింది. నాయన వైరు పీకిస్తానని బెదిరించేసరికి పుస్తకం మూసేసింది, బిల్లు దిగొచ్చింది. ఇక్కడ అందరూ నవ్వాలి. దానికి ఒక తోక కూడా తగిలించారు: మా మేనత్తకు కరెంటంటే భయమనీ, చచ్చేదాకా స్విచ్చి ముట్టలేదనీ.

రెండూ తప్పే. నేను ఆ ఇంట్లో పెరిగినదాన్ని, ఆ మీటరు కింద స్టూలెక్కి నిలబడినదాన్ని. ఈ కథ చెప్పేవాళ్లలో సగం మంది అప్పటికి పుట్టలేదు. తక్కిన సగం మంది మా ఇంటికి వచ్చిందే భోజనాల వేళకు.

రాజధాని కర్నూలు నుంచి లేచి హైదరాబాదుకు పోయిన కొత్తలో, మైదుకూరులో మా వీధికి స్తంభాలు నాటారు. నాయనది పసుపు వ్యాపారం. సాయంత్రం ఇంటికొస్తే పంచె అంచు నుంచి కనురెప్పల దాకా పసుపే. మండీలో తోటివాళ్లంతా పెట్టించుకుంటున్నారని ఆయనా కరెంటు పెట్టించాడు. వరండాలో ఒక చిన్న బల్బు, నడవలో ఒకటి, వంటింట్లో ఒకటి. నాలుగోది దేవుని గదిలో. ఆ గది మా అత్తది. నాయనకు అక్క. మొగుడు పోయినాక మా ఇంటికొచ్చి ఉండిపోయింది. పూజా అక్కడే, పడకా అక్కడే. "మా అక్క గదిలో లేకుంటే నాకీ కరెంటే వద్దు" అని నాయన పట్టుబట్టి, అన్నిటికంటే పెద్ద బల్బు అక్కడ పెట్టించాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అమ్మ పుట్టిల్లు కోయిలకుంట్ల. ఫోర్తుఫారం చదువుతుండగా పెళ్లి చేసి చదువు మాన్పించారు. మా ఇంటికొచ్చాక పగలు ఆమెది కాదు. వంట, వడ్లు, పసుపు కూలీలకు మజ్జిగ, అత్త మడి. సందె దాటి పనులన్నీ సర్దుకున్నాక దొరికే కాస్తంత పొద్దు ఒక్కటే ఆమెది. దాన్ని బుడ్డిదీపం తినేసేది. కిరసనాయిలు పొగకు కళ్లమ్మట నీళ్లు కారి, రెండు పేజీలకే కొంగుతో కళ్లొత్తుకుని లేచేది. బల్బు వచ్చిన సాయంత్రం నడవలో గోడకు ఆనుకుని, ఎవరినో అడిగి తెచ్చుకున్న వారపత్రిక తెరిచి, ఒకసారి బల్బు వైపు, ఒకసారి కాగితం వైపు చూసి ఊరికే నవ్వింది. కళ్లలో నీళ్లు లేకుండా అమ్మ చదవడం నేను చూసింది అదే మొదలు.

బిల్లులు రావడం మొదలైంది. నాయన బిల్లు చేతికొస్తే అమ్మతో మాట్లాడడు, గోడతో మాట్లాడతాడు.

"మండీకే ఇంత రాదు. ఇంట్లో ఏం గానుగ ఆడిస్తాండారో తెలీదు. వచ్చే బిల్లుకు తగ్గలేదంటే వైరు పీకిచ్చేస్తా. మా నాయనా తాతా లాంతరుతోనే బతికినారు, ఎవరికీ కండ్లు పోలే."

గోడ పలకలేదు.  అమ్మ మరునాటి నుంచి పొద్దు గూకకముందే వంట ముగించింది. వరండా బల్బు మాన్పించింది. బల్బుల మీది దుమ్ము వారం వారం గుడ్డతో తుడిచింది. వెలుతురు తిరిగి కొడుతుందని నడవ గోడకు తనే సున్నం వేసింది. చదివేది సగానికి సగం తగ్గించుకుంది. పుస్తకం మంచి పట్టులో ఉన్నప్పుడు లేచి స్విచ్చి ఆపేదాని ముఖం ఎట్లుంటుందో నాకు తెలుసు. అంత చేసినా బిల్లు తగ్గలేదు.

మీటరు చూడ్డానికి వచ్చిన కరెంటాయనను అమ్మ వరండాలోనే నిలేసింది.

"ఏమప్పా, దీన్ని చూసేదెట్ల?"

"ఇంట్లో మగోళ్లు లేరామ్మా?"

"ఉండారు. వాళ్లకు పసుపు చూసేది తెలుసు. నాకు ఇది చూసేది చెప్పు."

ఆయన నవ్వి, అంకె రాసుకుని వెళ్లిపోయాడు. నాకు ఈ నోరు ఎక్కడ్నుంచి వచ్చిందని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

చెప్పేవాళ్లు లేకపోతే అమ్మ తనే మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం అన్ని స్విచ్చులూ ఆపి, నన్ను స్టూలెక్కించింది. మీటరు అద్దం లోపల సన్నటి రేకు చక్రం, దాని అంచున ఎర్రటి చుక్క. అది కదల్లేదు. అమ్మ నడవలో బల్బు వేసింది. చుక్క మెల్లగా పక్కకు పోయింది. వంటింటిది కూడా వేసింది. చుక్క తొందరపడింది. "తిరిగితే ఖర్చు, నిలబడితే లేదు. ఇంతేనా దీని బడాయి?" అంది అమ్మ. రెండు రోజుల్లో నేను చక్రం చూసి, ఇంట్లో ఎన్ని వెలుగుతున్నాయో చెప్పేదాన్ని.

ఆ తర్వాత ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ దాటినాక, మళ్లీ ఒకసారి చూద్దామని బుడ్డిదీపం చేతికిచ్చి నన్ను ఎక్కించి, లోపలికి పోయి నడవలోదీ వంటింటిదీ ఆపింది.

"ఇప్పుడు నిలబడిందా?"

"లేదుమా. తిరుగుతాంది."

"సరిగ్గా చూడు."

"శానా జోరుగా తిరుగుతాంది."

నేను స్టూలు దిగి నడవ చీకట్లో ఉన్న అమ్మ దగ్గరికి పోయాను. అప్పుడు చూశాం ఇద్దరమూ. దేవుని గది తలుపు కింద తెల్లటి గీత.

ఆ గీత అమ్మకు కొత్త కాదట. తెల్లవారకముందే లేచి కల్లాపి చల్లడానికి పోయేటప్పుడు రోజూ చూసేది. వదినె అప్పుడే లేచిందేమో అనుకునేది. అదంతా రాత్రి వెలుతురని, సందెకు వేసింది పొద్దు పొడిచేదాకా ఆరదని ఆ రోజు అర్థమైంది.

మా వైపు తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సందెకాడ పెట్టిన దీపాన్ని మనిషి ఆర్పడు. నోటితో ఊదడం మహా పాపం. నూనె అయిపోయి అదే కొండెక్కాలి. ఎప్పుడైనా తప్పనిసరైతే పూవుతో వత్తిని వెనక్కి జరపాలి. అత్త బల్బును కూడా దీపమనే పట్టుకుంది. సందెకు చెంపలు వేసుకుని స్విచ్చి వేసేది. ప్రమిదలో అయితే నూనె తీరిపోతుంది. బల్బులో ఏం తీరుతుంది? పొద్దున ఎండ గడపలోకి వచ్చినాక, ఒక నందివర్ధనం పూవు వేళ్ల మధ్య పట్టుకుని, ఆ పూవుతోటే స్విచ్చిని పైకి నెట్టేది. నేనే కళ్లారా చూశాను. కరెంటంటే భయమున్న మనిషి చేసే పనేనా అది?

అమ్మ నాయనకు చెప్పవచ్చు. ఒక్క మాటతో తన మీది నింద పోయేది. చెప్పలేదు. చెబితే ఆయన అక్కను ఏమీ అనలేడు, ఆమె గది బల్బొక్కటే తీయించలేడు, మొత్తం వైరే పీకిస్తాడు. అందుకని నేరుగా అత్త దగ్గరికి పోయింది. నేను గడప దగ్గర కూర్చుని వత్తులు చేస్తున్నట్టు నటించాను.

"వదినా, ఈ దీపం రాత్రంతా వెలగాల్నా?"

"సందెదీపం చేత్తో ఆర్పుతారంటే? ఇంత వయసొచ్చింది, నీకిది కూడా నేనే చెప్పాల్నా?"

"నూనెదైతే నూనె అయిపోయినాక అదే కొండెక్కుతాది. దీనికి నూనె యాడుండాది?"

"అయిపోదు గనకనే నాకిది కావాల."

అమ్మ ఇంకో మాట అందుకోబోయింది. అత్త ఆమె వైపు చూడకుండా, దేవుని పీట మీది కుంకుమ సర్దుతూ మామ పోయిన నాటి సంగతి చెప్పింది.

"మీ అన్న పోయిన దినం సందెదీపంలో నూనె పోసేది మర్చిపోయినా. వేంపల్లె నుంచి వైద్యుడొస్తాడని గడపలోనే చూస్తా కూర్చుంటి. లోపలికి పోతే దీపమూ లేదు, మనిషీ లేడు. అప్పట్నుంచి నాకు రాత్రిళ్లు లేచి నూనె చూసుకునేదే పని. ఇది వచ్చినాకనే నేను నిద్రపోతాండా."

 వాదనలో అమ్మ ఓడిపోవడం నేను అంతకుముందు చూడలేదు. అది ఓటమి కూడా కాదనుకుంటాను. అమ్మ పోయి అత్త పక్కనే చతికిలబడింది.

"నీ దీపం నువ్వు ఆర్పొద్దులే వదినా. నడవలో దీపం నేను మానుకుంటా. ఎట్లాగూ వెలిగే దీపమే కదా, నేనూ పిల్లా ఈడికే వచ్చి చదువుకుంటాం. ఒకటే అడుగుతా. ఈ పెద్ద బల్బు తీసి వరండాలోని చిన్నది పెట్టనీ."

అత్త ఆలోచించింది. "దీపం చిన్నదైతే తప్పేం లే. ఆరకపోతే చాలు." మళ్లీ ఆమే అంది: "నువ్వు మాత్రం లోపల్లోపల గొణుక్కోకుండా పైకి చదువు. ఊరికే కూర్చుని నీ మొకం చూసేదానికా నేను?"

అట్లా మొదలైంది. అమ్మ కుర్చీ ఎక్కి బల్బు మార్చింది. వైరు కాస్త సాగదీసి కిందికి దించింది, చిన్న బల్బయినా అక్షరాల మీద పడేట్టు. ఆ గదిలో కర్పూరం వాసన, వాడిన పూల వాసన, అత్త కాళ్లకు రాసుకునే ఆముదం వాసన. నా లెక్కల పలక ఒక పక్క, అత్త వత్తుల పళ్లెం ఒక పక్క, మధ్యలో అమ్మ గొంతు. కథలో అత్తగారు కోడలిని పీడిస్తుంటే మా అత్త కోడలి వైపు. "దానికి చెంప మీద ఒకటి ఇయ్యకుండా ఏడుస్తా కూర్చుంటుందేందే ఈ పిల్ల?" అనేది. "నేనా రాసింది వదినా?" అనేది అమ్మ. "మరి రాసినోళ్లకు ఒక కార్డు ముక్క రాయి." వారపత్రిక వచ్చే వారం దాకా రాదంటే అత్తకు కోపం, అదేదో అమ్మే దాచిపెట్టినట్టు. నాయన అడుగుల చప్పుడు వరండాలో వినబడితే ముగ్గురమూ ఒక్కసారిగా నోరు మూసేవాళ్లం. ఎందుకో తెలీదు, తప్పేమీ చేయడం లేదు కదా. అమ్మ పుస్తకాన్ని పీట కింద పెట్టి అన్నం వడ్డించడానికి లేచేది.

నేను తర్వాత చాలా దీపాల కింద చదివాను. కడపలో కాలేజీ హాస్టలు, ఆ తర్వాత నా సొంత ఇల్లు, దాని నిండా ట్యూబులైట్లు. ఆ చిన్న బల్బు పసుపు వెలుతురు, అందులో అమ్మ గొంతు "అప్పుడేమైందంటే" అని అత్త కోసం ఆగి అందుకోవడం, ఇంకెక్కడా దొరకలేదు. దొరుకుతుందని ఇప్పటికీ ఎక్కడో ఆశ ఉంది నాకు, చెబితే నవ్వుతారు.

బిల్లు తగ్గింది. నాయన దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, ఈసారీ గోడతోనే అన్నాడు: "చూస్తివా, పుస్తకం మూస్తే బిల్లు దానంతటదే దిగొచ్చింది." అదే మాట మండీలో చెప్పాడు. మండీ నుంచి చుట్టాలకు పాకింది. ఇప్పుడు మీరు వినే కథ అదే. అమ్మ దిద్దలేదు. అత్త దిద్దబోతే అమ్మే ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. పుస్తకం మూసిందనుకున్నంత కాలం ఎవరూ తెరిచి చూడరని ఆమె లెక్క. ఇంతవరకు నాకు అర్థమైంది, ఒప్పుకుంటాను కూడా.

నేను ఎస్సెస్సెల్సీకి వచ్చిన ఏడు అత్త పోయింది, నిద్రలోనే, బల్బు వెలుగుతుండగానే. పోయిన చోట దీపం పెట్టాలని వచ్చినవాళ్లు ప్రమిద తెచ్చారు. అమ్మ ప్రమిదా పెట్టింది, కుర్చీ ఎక్కి చిన్న బల్బు తీసి మళ్లీ పెద్దదీ పెట్టింది. దినాలు అయ్యేదాకా రాత్రీ పగలూ అది ఆరలేదు. ఆ తర్వాత కూడా సందెకు వేసేది. పొద్దున ఎండ గడపలోకి వచ్చాక, వేళ్ల మధ్య నందివర్ధనం పట్టుకుని ఆపేది. ఆ గదిలో ఒక్కతే కూర్చుని చదివేదేమో నాకు తెలియదు. నాకైతే ఇక గొంతు వినబడలేదు.

ఆ నెల బిల్లు తప్పకుండా పెరిగి ఉంటుంది. పెద్ద బల్బు, రాత్రింబగళ్లు. నాయన వరండాలో నిలబడి బిల్లు చూశాడు. నేను గోడ వైపు చూశాను, ఇప్పుడు దానికి మాట పడుతుందని.  ఆయన బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, దేవుని గది తలుపు వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని మండీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో వైరు పీకే మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ గదిలో బల్బు పెట్టించింది ఆయనే. తెల్లవారుజామున మండీకి పోయేటప్పుడు ఆ తలుపు ముందు నుంచే నడిచేవాడు. కాబట్టి, బిల్లు పెరిగింది ఎవరి దీపం వల్లో నాయనకు మొదటి నుంచీ తెలుసా? తెలిసే అమ్మ పుస్తకాన్ని అన్నాడా?