ఎడమ పక్క మిరప కళ్లం

నరసరావుపేటలో మా కాలేజీ గ్రౌండ్‌కి ఒక షరతు ఉంది. మిరప కోతలు మొదలైన దగ్గర్నుంచి వేసవి ముదిరేదాకా అందులో సగం కాలేజీది కాదు, ఒక అవ్వది. ఆ నేల కాలేజీకి ఇచ్చింది ఆమె భర్తే. ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడిగాడట, కాయ ఆరబోసుకునే రోజుల్లో సగం మా ఇంటికి వదలాలని. కాగితం మీద ఎక్కడా లేదు. ఆయన పోయి చాలా ఏళ్లయినా ఆ మాట ఎవరూ దాటలేదు. జనవరిలో ట్రాక్టర్ వచ్చి, పరిచిన టార్పాలిన్ పట్టాల మీద కాయ కుమ్మరించి వెళ్లేది. గ్రౌండ్ ఎడమ సగం మిరప కళ్లమై ఎర్రబడేది. మా సాఫ్ట్‌బాల్ సీజన్ కూడా సరిగ్గా అప్పుడే.

డిగ్రీలో చేరేదాకా సాఫ్ట్‌బాల్ అనే ఆట ఒకటుందని నాకు తెలియదు. పిచ్చర్ బంతి విసురుతుంది, బ్యాటు పట్టినమ్మాయి కొట్టి పరుగెత్తుతుంది, మూడు బేసులు చుట్టి మొదటి చోటికి వచ్చిందా, ఒక పరుగు. నేను క్యాచర్‌ని. అంటే బ్యాటు పట్టినమ్మాయి వెనక గొంతుక్కూర్చుని బంతి ఆపాలి. మా ఇంట్లో అమ్మకు ఆ కూర్చోవడం నచ్చేది కాదు. వంటింట్లో ఒక్క పూట అలా కూర్చుని కూరగాయలు తరగమంటే మోకాళ్ల నొప్పులంటావు, అక్కడ మాత్రం గంటలకొద్దీ కూర్చుంటావు అని దెప్పేది.

అవ్వ కళ్లం పక్కనే స్టూలేసుకుని, గొడుగు తెరిచి, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మొదటి ఏడాది మొదటి రోజే చట్టం చెప్పింది.

"ఏమే, బంతి నా కాయలో పడ్డదంటే అది నాదే. మీరు లోపలికొచ్చి తొక్కితే కాయ పగిలి గింజ రాలుద్ది. గింజ రాలిన కాయ మిర్చి యార్డులో ఎవడు కొంటాడు?"

అన్నంత పనీ చేసింది. పడిన బంతి పడినట్టే ఆమె సంచిలోకి పోయేది. కాలేజీ మాకు ఏడాదికి ఇచ్చేవే నాలుగైదు బంతులు. ఎప్పుడైనా ఆమె కునుకు తీస్తుంటే దొంగతనంగా తెచ్చుకునేవాళ్లం. కానీ ఆ ఘాటంటిన బంతిని పట్టుకుని, ఆ చేత్తోనే చెమట తుడుచుకునేది నేను. కళ్లల్లో నిప్పులు పోసినట్టుండేది. ఇక లాభం లేదని మాలో మేమే ఒక రూలు పెట్టుకున్నాం. కళ్లంలోకి బంతి కొడితే కొట్టినమ్మాయి అవుట్. మాకు ఆట నేర్పే పీడీ మేడమ్ కూడా సరే అంది.

కుడిచేతి వాటం వాళ్లు గట్టిగా కొడితే బంతి సహజంగా ఎడమకే పోతుంది. దాన్ని కుడికి పంపాలంటే బ్యాటు కాస్త ఆలస్యంగా తిప్పాలి. రెండేళ్లలో అది మాకందరికీ ఒంటబట్టింది. కళ్లు మూసుకుని కొట్టినా కుడికే పోయేది. అదేదో గొప్ప విద్య అయినట్టు మురిసిపోయాం. మురిసినంతసేపు పట్టలేదు, ఆ రెండేళ్లూ టోర్నమెంట్లో మొదటి మ్యాచ్‌లోనే ఓడి ఇంటికొచ్చాం.

నా ఆఖరి ఏడాది ప్రిన్సిపల్ గారు పిలిచి చెప్పారు. ఆయన మెత్తని మనిషి, చెడ్డ మాట కూడా మంచిగా చెప్తారు. "ఈసారి ఒక్క మ్యాచ్ గెలవండమ్మా, టీమ్ ఉంచుదాం. లేకపోతే ఆ బ్యాట్లు స్టోర్ రూమ్‌లో పెట్టేద్దాం."

నాకైతే ఎలాగూ అయిపోయే ఏడాదే. నా బాధంతా మా పిచ్చర్ గురించి. దుర్గి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఫస్టియర్ పిల్ల. వాళ్ల నాన్న రాతి శిల్పాలు చెక్కుతాడు. ఆ పిల్ల బంతి విసిరితే నా అరచేయి గ్లవ్‌లో కూడా చురుక్కుమనేది. ఆ రోజు మెట్ల మీద నా పక్కన కూర్చుని, "ఆట తీసేస్తే నేనిక్కడ ఏం చెయ్యాలక్కా? ఇంటికెళ్లిపోతా," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నాకు ప్రిన్సిపల్ గారి మీద, మా మీద, ఆ మిరపకాయల మీద కూడా కోపం వచ్చింది.

టోర్నమెంట్ సత్తెనపల్లిలో. పొద్దున బస్టాండ్‌కి వెళ్లేసరికి అవ్వ సంచి పట్టుకుని నిలబడి ఉంది. మొదటి కోత కాయ ముందు రోజే యార్డుకి పోయింది, రెండో కోత ఇంకా రాలేదు.

"నువ్వెక్కడికి అవ్వా?" అన్నాను.

"మీతోనే. నా పాటికి నేను ఎండలో కూర్చుని ఇన్నేళ్లు చూశా. ఆ ఆట ఆఖరికి ఏమవుద్దో చూడొద్దా ఏంది?"

మ్యాచ్ మొదట్లో బాగానే ఆడాం. సగం ఆటయ్యేసరికి అవతలి కెప్టెన్ మా గుట్టు కనిపెట్టింది. ఎడమ పక్కనున్న వాళ్లను ఒక్కొక్కరినే కుడి పక్కకు జరిపింది. అటు కొట్టిన ప్రతి బంతీ ఎవరో ఒకరి చేతిలో పడుతోంది. ఎడమ పక్క బోసిపోయి ఉంది. "ఎడమకి కొట్టండే," అని మేడమ్ గొంతు పోయేలా అరిచింది. ఒక్కరి వల్లా కాలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మాది కళ్లం దగ్గర వచ్చిన బుద్ధి. అందర్నీ తిట్టి బ్యాటు పట్టుకున్న నేనూ కుడికే కొట్టి అవుటయ్యాను.

ఆఖరి ఇన్నింగ్స్‌కి ఇద్దరివీ ఐదేసి పరుగులు. బ్యాటింగ్ మాది, బ్యాటు మళ్లీ నా చేతిలో. ఇద్దరు అవుట్, మూడో అవుట్ పడితే ఇన్నింగ్స్ అయిపోయినట్టే. మూడో బేస్ మీద మా దుర్గి పిల్ల. ఆమె ఇంటికి, అంటే నేను నిలబడ్డ చోటికి, చేరితే గెలుపు. నేను అవుటైతే ఆ పరుగు లెక్కలోకి రాదు.

పళ్లు బిగించి, ఈసారి ఆలస్యం చేయకుండా బ్యాటు తిప్పాను. బంతి ఖాళీగా ఉన్న ఎడమ పక్కకు దూసుకుపోయింది. నా మూడేళ్లలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు.

కొట్టి, బ్యాటు కింద పెట్టి, తల వంచుకుని నిలబడ్డాను.

మా గ్రౌండ్‌లో అలా కొడితే అవుట్ కదా. తలెత్తి చూస్తే మూడో బేస్ మీద ఆ పిల్ల కూడా నెత్తిన చేతులు పెట్టుకుని కదలకుండా ఉంది. మా వాళ్లందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మేడమ్‌కి అప్పటికే గొంతు పోయింది. అవతలి పిల్ల బంతి కోసం పరుగెడుతోంది.

అప్పుడు చెట్టు నీడలోంచి అవ్వ కేక వినిపించింది. "పరిగెత్తవే, అది నా కళ్లం కాదు."

ఇద్దరం పరుగెత్తాం. బంతి తిరిగొచ్చేలోపు నా కాలు మొదటి బేస్ మీద పడింది. ఆ పిల్ల అప్పటికే ఇల్లు చేరి నేల మీద బోర్లా పడి నవ్వుతోంది. ఆ రోజు కలిగిన సంతోషం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు. మధ్యాహ్నం రెండో మ్యాచ్‌లో చిత్తుగా ఓడిపోయాం, ఎవరికీ చీమ కుట్టినట్టైనా లేదు.

తిరుగు బస్సులో అవ్వ సంచి విప్పింది. ఇన్నేళ్లూ లాక్కున్న బంతులన్నీ అందులో ఉన్నాయి. బస్సులో సగం మంది తుమ్మారు.

"ముందే ఇస్తే మళ్లీ నా కాయ మీదకే కొడతారని ఇయ్యలా," అంది.

టీమ్ నిలబడింది. మరుసటి ఏడాది నేను కోర్టు దగ్గర ఒక వకీలు గారి ఆఫీసులో చేరాను. ఒక సాయంత్రం పని ముగించుకుని గ్రౌండ్‌కి వెళ్లాను. మిరపకాయలు కుడి పక్కన ఆరుతున్నాయి.

"మీ తాత నేల ఇచ్చేటప్పుడు సగం అన్నాడు గానీ ఏ సగమో చెప్పలా," అంది అవ్వ. "పిల్లలు అటు కూడా నేర్చుకుంటారని ఇటు పోయించా."

పిల్లలందరూ ఎడమకే కొడుతున్నారు. కళ్లు మూసుకుని కొట్టినా ఎడమకే పోతుందని దుర్గి పిల్ల గర్వంగా చెప్పింది. ఇప్పుడామె కెప్టెన్. నాకు నవ్వాగలేదు.

"ఒక్కటి కొట్టక్కా," అని బ్యాటు ఇచ్చింది. ఎన్నాళ్లయిందో పట్టుకుని. బలంగా కొట్టాను. బంతి తిన్నగా కుడికి పోయి కాయ మధ్యలో పడింది.

అవ్వ నిదానంగా లేచి, కర్రతో దాన్ని దగ్గరకు లాక్కుని, సంచిలో వేసుకుంది.