మా ఓనరమ్మ ఎక్కని విమానం

మామిడిపల్లిలో నేను కిరాయికి ఉండే గది మీదుగా రోజంతా విమానాలు పోతూనే ఉంటాయి. కింది వాటాలో ఓనరమ్మ. ఆమెను నేను ఖాలా అంటాను, పిన్ని అన్నట్టు. ఆమె నన్ను బేటీ అంటుంది, నీళ్ల మోటర్ బంద్ చేయడం మర్చిపోయిన రోజు మాత్రం ఇంకేదో అంటుంది. ఎయిర్‌పోర్ట్ కార్గో ఆఫీసులో కాగితాలు సరిచూసే ఉద్యోగం నాది. మిగతా సమయంలో రచయిత్రిని. నవ్వకండి. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి నా న్యూస్‌లెటర్ నాలుగు వందల మందికి మెయిల్‌లో పోతుంది. మొదట్లో పదకొండు మందే. అందులో నలుగురు మా చుట్టాలు, చదవకుండానే బాగుందనేవాళ్లు.

దానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఇందులో అబద్ధం ఉండదు. ప్రతి ఉత్తరం చివర ఆ మాట రాసుకునేంత పొగరు కూడా ఉండేది.

ఓ వారం రాయడానికి ఏమీ తట్టలేదు. ఖాలా గురించి రాశాను. ఇంటి మీద ఇన్ని విమానాలు పోయినా ఆమె ఒక్కటీ ఎక్కలేదు. కానీ అజ్మీరు దర్గాకు పోయొచ్చినప్పుడు, జైపూర్ దాకా విమానంలో పోయానని గల్లీ అంతా చెప్పుకుంది. కిటికీ సీటు, మబ్బులు, లోపల ఇచ్చిన చాయ్ చప్పగా ఉండడం, అన్నీ. నిజానికి పోయింది రైల్లో. ఆ సంగతి ఓ మధ్యాహ్నం బియ్యం ఏరుతూ నాకొక్కదానికే చెప్పి, "ఎవ్వరికి చెప్పకు" అంది. నేను చెప్పలేదు. నాలుగు వందల మందికి రాశాను.

ఆదివారం ఏడు దాటింది. పళ్లు తోముకుంటుంటే కింది నుంచి ఓ ఆడగొంతు వినిపించింది. ఫోన్‌లో ఉన్నది పైకి చదివే యంత్రం గొంతు. "మా ఓనరమ్మ ఇంతవరకూ ఎక్కని విమానం" అంటోంది. బ్రష్షు చేతిలోంచి జారిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. గ్యాస్ బుకింగ్ కోసం ఖాలాకు మెయిల్ ఐడీ చేసిచ్చింది నేనే. మొదటి వారం, నా ఉత్తరం వేరేవాళ్ల ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి ఆ ఐడీని జాబితాలో చేర్చిందీ నేనే. ఆమెకు తెలుగు చదవడం రాదు కదా అని దాని ఊసే మరిచాను. ఆమె మాత్రం ఫోన్‌తో చదివించుకుని అన్ని వారాలూ వింటోందట. పంపిన మెయిల్‌ను వెనక్కి లాగలేం. ఆ వారం వచ్చినన్ని జవాబులు ఎప్పుడూ రాలేదు, ఒక్కటీ తెరవబుద్ధి కాలేదు.

భయపడుతూనే మెట్లు దిగాను. గది పోతుందని కొంత, ఖాలా ఇక నాతో మాట్లాడదని ఎక్కువ.

"ఖాలా, తప్పైంది."

ఆమె ఫోన్ ఆపింది. "మన గల్లీల ఇది ఎంతమంది చదువుతరు?"

"మీరొక్కరే."

ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది. "నిన్ను బిడ్డ లెక్క చూసిన. నువ్వేమో నన్ను నలుగురిల నవ్వులపాలు చేస్తివి. ఇగ వచ్చే వారం రాయి, ఖాలా నిజంగనే ఎక్కిందని."

"అబద్ధం రాయను ఖాలా." ఆ పూట కూడా నా పొగరు తగ్గలేదు చూడండి!

"రాయవా? అయితే నిజం చెయ్యి."

చేశాను. రెండు నెలలు బిర్యానీ మొహం చూడకుండా విజయవాడకు రెండు టికెట్లు కొన్నాను, రావడం బస్సులో. గల్లీలో మాత్రం చుట్టాల పెళ్లికి పోతున్నామని చెప్పింది ఖాలా. బీరువాలో దాచుకున్న అత్తరు రాసుకుంది. కిటికీ సీటు ఆమెదే. విమానం లేవగానే కళ్లు మూసుకుని, గాజులు చిట్లేంత గట్టిగా నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి కళ్లు తెరిచి, కింద చిన్నచిన్న డాబాలు చూసి ఉలిక్కిపడింది.

"అరే బేటీ, మోటర్ బంద్ చేసినవా?"

పక్క సీటాయన కూడా నవ్వాడు. తర్వాత చాయ్ తెప్పించుకుంది. ఒక్క గుక్క తాగి, "చప్పగుంటదని చెప్పిననా లేదా!" అని గెలిచినట్టు చూసింది.

మర్నాడు ఇల్లు చేరేసరికి ఎదురింటామె గేటు దగ్గరే అడిగింది. "పెళ్లి మంచిగైందా అక్కా?"

"మంచిగైంది" అని ఖాలా లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది.

"విమానంల పోయినమని చెప్పొచ్చు కదా ఖాలా?"

"ఏమని చెప్పాలె? వాళ్ల లెక్కల నేను ఎప్పుడో ఎక్కిన. మొదటిసారి ఎక్కిన సంబురం ఎవరికి చెప్పుకోవాలె?" నాకు ఏడుపొచ్చింది. ఆమె దుపట్టాతో ముక్కు తుడుచుకుని, నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"నీ నాలుగు వందల మందికే చెప్పు. కూసో, నేను చెప్త, నువ్వు రాయి. చాయ్ సంగతి మర్చిపోకు."